మజ్జిగామెకు వేసిన రంగు

ఒక ఊళ్ళో రైలు స్టేషను ముందు నాలుగు వీధులు కలిసే సెంటరు ఉండేది. చుట్టూ ఉన్న గోడలు ఏనాటి పొగకో మసిబారిపోయి ఉండేవి. అందుకని రైలు దిగినవాళ్ళంతా అక్కడ దొంగలుంటారని నమ్మేవాళ్ళు. పెట్టెలు గుండెలకు హత్తుకుని, ఎటూ చూడకుండా గబగబా దాటిపోయేవాళ్ళు. నిజానికి ఆ సెంటర్లో ఏనాడూ ఒక్క చేతిసంచీ పోయింది లేదు. అయినా గోడ నల్లగా ఉన్నాక సాక్ష్యం ఎవరడుగుతారు?

ఆ గోడవారన ఒకామె మజ్జిగ అమ్మేది. ఎర్రచీర కట్టుకుని, తడిగుడ్డ చుట్టిన కుండ ముందు పెట్టుకుని కూర్చునేది. ఇక్కడ కుండ ఖాళీ అయితేనే అక్కడ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆమెకు ఇంకో చోటు లేదు.

ఒకరోజు ఆ ఊరి బాగోగులు చూసే ఆఫీసరు రంగుల మేస్త్రీని పిలిపించాడు.

"జనం ఈ సెంటర్ని చూసి జడుసుకుంటున్నారు మేస్త్రీ. వాళ్ళ భయం పోయే రంగు వెయ్యి" అన్నాడు.

మేస్త్రీ మంచివాడు, పనిమంతుడు. కలిపిన రంగును ముందు ఎడమచేతి మీద రాసుకుని, పొద్దుటెండలో ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చూసుకుంటే గాని గోడను ముట్టేవాడు కాదు. చేతిమీద ఒప్పిన రంగు గోడమీదా ఒప్పుతుందని అతని నమ్మకం. గోడ కింద మనుషులు కూర్చుంటారన్న సంగతి మాత్రం అతనికి ఎప్పుడూ తట్టలేదు.

తాతల నాటి పని కదా అని తెల్లసున్నం మీద జేగురు పట్టెలు వేశాడు. మర్నాడు పొద్దుటి పాసింజరు దిగిన మొదటి మనిషి గోడ చూసి ఆగాడు. చెప్పులు విడిచాడు. వెనకాలవాడూ విడిచాడు. మధ్యాహ్నానికి స్టేషను గేటు దగ్గర చెప్పులు గుట్టపడ్డాయి. తమ జత వెతుక్కుంటూ రైళ్ళు తప్పిపోయినవాళ్ళు ఎందరో! మజ్జిగామె గ్లాసు ఎత్తితే జనం దోసిళ్ళు పట్టారు. ఓ గుక్క తాగి, మిగిలిన తడి భక్తిగా నెత్తికి రాసుకుని వెళ్ళిపోయారు.

లాభం లేదని మేస్త్రీ లేత ఆకుపచ్చ వేశాడు. అంతే, సెంటరంతా గుసగుసలు. తల్లులు పిల్లల నోళ్ళు మూశారు. ఒక పెద్దాయన మజ్జిగామె పక్కన రెండు బత్తాయిలు పెట్టి, "ఏ వార్డమ్మా మీవాళ్ళది?" అని అడిగాడు. "మజ్జిగ తాగండి బాబూ" అంటే, "ముందు నువ్వు తాగమ్మా, ధైర్యంగా ఉండు" అని కళ్ళు తుడుచుకుంటూ పోయాడు. పోనీ పసుపు వేస్తే, పెళ్ళివారి మజ్జిగనుకుని కుండంతా ఊరికే తాగేసి భోజనాలెక్కడని అడిగారు.

ఆ సాయంత్రం ఆమె ఖాళీకుండ బోర్లించి మేస్త్రీతో అంది.

"నువ్వు రంగు మార్చినప్పుడల్లా నేను ఇంకోదాన్నైపోతున్నాను మేస్త్రీ. మజ్జిగమ్ముకునేదాన్ని మాత్రం ఒక్కరోజూ కాలేకపోయాను."

మేస్త్రీకి మనసు చివుక్కుమంది. ఇంటికి పోకుండా సున్నం బకెట్టు ముందు కూర్చున్నాడు. సున్నపు నీళ్ళలో ఆకాశం తేలుతోంది. దాన్ని చూస్తూ చూస్తూ నీలిమందు చిటికెడు వేశాడు, ఇంకో చిటికెడు వేశాడు. కాసేపటికి బకెట్లో ఉన్నది రంగో ఆకాశమో అతనికే తెలియలేదు.

ఆ నీలం పూశాక సెంటరు తేలికైపోయింది. మబ్బులు దిగి గోడలకు ఆనుకుని కూర్చున్నట్టుండేది. రైలు దిగినవాళ్ళ నడక నెమ్మదించింది. మూటలు దించి, ఎరగనివాళ్ళతో కూడా కబుర్లాడారు. దూరాన్నుంచి ఎర్రచీర చూసి వచ్చి, కడుపునిండా మజ్జిగ తాగి, డబ్బులిచ్చి, "చల్లగా ఉండమ్మా" అన్నారు. మధ్యాహ్నానికల్లా కుండ ఖాళీ. ఆమె నవ్వడం మేస్త్రీ అప్పుడే మొదటిసారి చూశాడు. ఆ నవ్వు చూసి అతని కడుపు నిండిపోయింది.

ఆఫీసరు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని నాలుగు వైపులా చూసి మురిసిపోయాడు. అంతలో ఆగాడు.

"ఆ ఎర్రమచ్చ ఏంటి?"

"మచ్చ కాదు సార్, మజ్జిగమ్మే అక్క."

"నీలమంతా పాడవుతోంది. రేపటికల్లా పంపించెయ్."

"ఆమెకు ఇంకో చోటు లేదండి."

"అదంతా నాకు తెలీదు. రేపు నా కంటికి కనపడకూడదు, అంతే."

కనపడకూడదు, అంతే కదా! మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. పొద్దు వాలకముందే ఆమె రెండో చీర అడిగి తీసుకుని, మిగిలిన నీలంలో ముంచి ఆరేశాడు. కుండకూ గ్లాసులకూ అదే పూత పూశాడు.

"ఇది కట్టుకో అక్కా. ఆఫీసరు పక్కనుంచి పోయినా పోల్చుకోలేడు."

ఆమె చీర చేతుల్లోకి తీసుకుని కాసేపు చూసింది.

"ఎర్రచీర చూసే కదయ్యా దాహమైనవాళ్ళు వచ్చేది?"

"ముందు చోటు దక్కనీ అక్కా. దాహం సంగతి తర్వాత."

మర్నాడు ఆఫీసరు ఆమె ముందు నుంచే నడిచిపోయాడు. ఆమె వైపు చూసి కూడా, "శభాష్, ఇప్పుడు కుదిరింది" అన్నాడు. మేస్త్రీ నిచ్చెన వెనకాల నోరు నొక్కుకుని నవ్వుకున్నాడు. ఎంత పెద్ద కన్నునైనా కప్పేశానని పొంగిపోయాడు. ఆ సంతోషంతోనే ఇంకో ఊరి పనికి రైలెక్కాడు.

తిరిగి వచ్చేసరికి ఎండలు మండిపోతున్నాయి. మిట్టమధ్యాహ్నం రైలు దిగాడు. గొంతు పిడచకట్టుకుపోయింది. అతనితో పాటు దిగినవాళ్ళు సెంటర్ని చూసి, "అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఒక్క మనిషైనా అడ్డం లేడు" అనుకుంటూ సాగిపోతున్నారు.

అంతలో సన్నగా వినపడింది. "మజ్జిగా... చల్లటి మజ్జిగా..."

"ఈ ఊరి గాలి కూడా ఎంత బాగుందో చూడు" అంది ఒకావిడ తన భర్తతో. ఇద్దరూ వెళ్ళిపోయారు.

మేస్త్రీ గిరుక్కున తిరిగాడు. నాలుగు వైపులా నీలమే. గొంతు వచ్చిన వైపు పరిగెత్తాడు, అక్కడా నీలమే. తను కలిపిన రంగు, తన చేతిమీద చూసుకున్న రంగు. కళ్ళు చిట్లించాడు, కళ్ళు నులుముకున్నాడు, ఆఖరికి గుడ్డివాడిలా గోడ తడుముకుంటూ నడిచాడు.

"అక్కా!" అని అరిచాడు. "అక్కా, ఎక్కడున్నావే?"

అతని మోచేతి పక్కనే గాజులు చప్పుడయ్యాయి.

"నువ్వుంచిన చోటే ఉన్నాను మేస్త్రీ."