చేతిలో దెయ్యం

పాడుబడ్డ కోటలో తలదాచుకున్న వాళ్లను వెళ్లగొట్టాలని దొర భూపతిరాయుడు తన చిన్న కొత్త కెమెరాతో అక్కడి చీకటి గదిని ఫొటో తీశాడు. తెరమీద మొహాల్లాంటి మచ్చలు తేలాయి.

"ఇరవై మెగాపిక్సెళ్లు, అబద్ధం చెప్పదు. దెయ్యమున్న చోట మనుషులు ఉండకూడదు. ఖాళీ చెయ్యండి."

వాళ్లలో పెళ్లి ఫొటోలు తీసే మస్తానమ్మకీ భయమేసింది. అయినా తన పాత కెమెరాతో అదే గది తీసింది. ఉత్త గోడే వచ్చింది.

"నీదానికి ఆరు మెగాపిక్సెళ్లేగా," అన్నాడు దొర.

"ఆరే, కానీ పెద్దవి. వెలుగును బాగా పట్టుకుంటాయి. వెలుగు పట్టే మీ గోరంత సెన్సర్లో ఇరవై కుక్కితే ఒక్కోదానికి అందేది చుక్కే, చీకట్లో అదే మచ్చలు పుట్టిస్తుంది. ఏదీ, లెన్సు అరచేత్తో మూసి తీయండి దొరా."

తీశాడు. నల్లటి తెరమీద అవే మొహాలు.

"అయితే దెయ్యం గదిలో లేదు, మీ చేతిలో ఉంది."

జనం ఒక్కొక్కరే ఆయన దగ్గర్నుంచి వెనక్కి జరిగారు. చివరికి ఆయన కారు డ్రైవరు కూడా తాళాలు అక్కడే పెట్టి నడక సాగించాడు.