ఉసిరితోట తలుపు

కార్తీకమాసంలో మల్లెకొండ రాజు అనంతభూపాలుడికి ఓ సరదా పుట్టింది. కోట పక్కనున్న ఉసిరితోటలో ఊరంతా వనభోజనం చేస్తుంటే మేడ మీంచి చూడాలని! దండోరా వేయించి, పొద్దున్నే మేడెక్కి కూర్చున్నాడు.

మధ్యాహ్నమైనా తోటలో నెమళ్ళు తప్ప పురుగు లేదు.

"ఏమయ్యా కోనప్పా, జనమేరీ?" అన్నాడు రాజు, మొహం మాడ్చుకుని.

కోనప్ప తోటల అధికారి. గోడ లేని తోటకి గోడ కట్టించి, తలుపు పెట్టించి, కాపలా వేయించిన మహానుభావుడు. మీసం దువ్వుకుంటూ, "మట్టి పిసుక్కునే మనుషులు ప్రభూ! చెట్టునీడ సుఖం వాళ్ళకేం తెలుసు? ఆ తోటేదో నాకిప్పించండి, నేను అనుభవిస్తాను" అన్నాడు.

దారి మూసేసినవాడే, రాలేదని జనాన్ని తిడతాడు. ఇలాంటివాళ్ళు ఏ రాజు దగ్గరైనా ఒకడుంటాడు!

"సరే, తీసుకో" అనబోయాడు రాజు.

వెనక వింజామర వీస్తున్న పేరిందేవి చెయ్యి ఆగిపోయింది. ఆమెది సాలెవీధి. గోడ లేవకముందు ఏటా ఆ వీధంతా ఆ చెట్లకిందే వండుకు తినేది. ఇప్పుడా తోట కోనప్ప పెరడైపోతే, ఇక ఎప్పటికీ లేనట్టే.

"ప్రభూ, కోనప్పగారిని మా వీధివాళ్ళలా వెళ్ళి ఒక్క ఉసిరికాయ కోసుకురమ్మనండి. తెస్తే తోట ఆయనదే."

"తేకపోతే?"

"నేనడిగింది నాకివ్వండి."

రాజు సరేనన్నాడు. కోనప్ప పకపకా నవ్వాడు. "నా తోటలోకి నేను పోలేనా, పిచ్చిదానా!"

పేరిందేవి అతని తలపాగా, ఉంగరాలు, కిర్రుచెప్పులు ఊడదీయించింది. ముతక పంచె కట్టించింది. వంటమనిషి చంటిపిల్లని చంకనెత్తి, పులిహోర కుండ నెత్తినపెట్టి సాగనంపింది. రాజు మేడ మీంచి వంగి చూస్తూ, అంతా వింటున్నాడు.

"ఆగరా! చెప్పుల్లేని కాళ్ళతో లోపలికా?" అన్నాడు కాపలా భటుడు. "పచ్చిక మాసిపోదూ?"

"తప్పుకోరా!"

"నెత్తిమీదేంటది? తిండి తేకూడదు."

"వనభోజనానికి తిండి లేకుండా ఎలారా?"

"ఆ సంగతి కోనప్పగారినడుగు. ముందా పిల్ల నోరు ముయ్యి, నెమళ్ళు జడుసుకుంటాయి."

"ఒరే, నేనే కోనప్పని!"

భటుడు పొట్ట పట్టుకు నవ్వాడు. "పల్లకీ లేకుండా వచ్చినవాడు ఏం చెప్పినా నమ్మొద్దన్నారు కోనప్పగారు. పోరా, పో!"

ఒక్క తోపు తోశాడు. పిల్లని వదలకుండా పట్టుకున్నాడు పాపం, కుండ మాత్రం నెత్తిమీదే బోర్లపడింది.

మీసాలకి పులిహోర మెతుకులతో తిరిగొచ్చిన కోనప్ప, "ప్రభూ, మీ భటుడు నన్ను తోశాడు!" అని లబలబలాడాడు.

"చెయ్యి వాడిది, మాట నీది" అన్నాడు రాజు, నవ్వాపుకోలేక. "పేరిందేవీ, నువ్వే గెలిచావు. ఏం కావాలో అడుగు. తోట రాసిమ్మంటావా?"

"తోట నాకెందుకు ప్రభూ? ఆ తలుపు ఇప్పించండి."

"తలుపా? ఏం చేసుకుంటావు?"

"చీల్చి పొయ్యిలో పెడతాను. సాయంత్రానికి ఊరందరికీ వంట కావాలిగా!"

మేడ మీదున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. రాజు తన చేతి కంకణం తీసి ఆమెకిచ్చాడు, గొడ్డలి తెప్పించి కోనప్పకిచ్చాడు.