గడప దాటని శాంభవి

అటు దొర్లి, ఇటు దొర్లి దుప్పటంతా లాగేశావు కదరా పండూ! చౌడమ్మ తల్లికి ఓ దణ్ణం పెట్టుకుని నా వైపు తిరుగు. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తా, చెప్తున్నా.

అనగనగా ఒక ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా మగ్గమే. ఆ ఊళ్ళో గౌరమ్మ అని ఒక అత్త, శాంభవి అని ఆవిడ కోడలు. ఎండాకాలం జాతరలో చౌడమ్మ తల్లికి కట్టే పట్టుచీర ఏటా వాళ్ళింట్లోనే నేస్తారు. దానికో కట్టడి ఉంది. చీర మగ్గం దిగేదాకా నేసే మనిషి గడప దాటకూడదు. పెరడైనా లేని ఇల్లాయె. నెలల తరబడి శాంభవి మగ్గం గుంటలోనే. ఎండ ముఖం ఎరగదు.

అప్పుడు ఆమెకి కాళ్ళు పీకడం మొదలైంది. మగ్గం తొక్కబోతే పాదం లేవదు. "ఎముకల్లోంచి సలుపుతోంది అత్తా" అంటుంది. అవతల జాతర తోసుకొస్తోంది. చీరేమో సగంలోనే ఉంది. గౌరమ్మ కూర్చోలేదు, నిలబడలేదు.

ఆ తర్వాత డాక్టరమ్మని ఇంటికే పిలిపించారు. ఆవిడ రక్తం తీయించి చూసింది.

"ఎముక గట్టిపడాలంటే డి విటమిన్ ఉండాలి. ఒంటికి ఎండ తగిలితే చర్మమే దాన్ని తయారు చేసుకుంటుంది. ఈ పిల్లకి అడుగంటింది. వారానికో గోళీ ఇస్తున్నా. రోజూ కాసేపు ఎండలో కూర్చోబెట్టండి. కిటికీ అద్దం వెనక కాదు, ఆరుబయట."

"గడప దాటితే అమ్మవారు ఊరుకుంటుందా తల్లీ?" అని గౌరమ్మ లబలబలాడింది.

అప్పుడు ఏం చేసిందంటావు? నిచ్చెనేసుకుని ఇంటి పైకప్పు పెంకులు తీసేసింది! ఎండే లోపలికి వచ్చేసింది. నవ్వకురా, విను. ఆ వేడికి పట్టుదారాలు ఎండిపోయి పుటుక్కు పుటుక్కుమని తెగాయి. మళ్ళీ పెంకులు కప్పేసింది.

ఆ తర్వాత శాంభవికి ఆత్రం పుట్టింది. వారం దాకా ఎవరాగుతారని ఒక గోళీ మింగిన మర్నాడే ఇంకో గోళీ నోట్లో వేసుకోబోయింది. అప్పుడే వచ్చిన డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "ప్రసాదం అనుకున్నావా, కళ్ళకద్దుకుని రోజూ మింగడానికి? ఎక్కువైతే వాంతులు, కిడ్నీలకి ముప్పు!"

చూస్తుండగానే జాతర వచ్చేసింది. చీర కాలేదు. మిట్టమధ్యాహ్నం డప్పులు వాళ్ళ వీధిలోకి వచ్చాయి. పల్లకీలో తల్లి నిరుటి చీరే కట్టుకుంది. శాంభవి గడప లోపల గోడ పట్టుకుని నిలబడి ఏడుస్తోంది.

గౌరమ్మ తల్లిని చూసింది. ముక్కుపుడక మీద ఎండ తళతళలాడుతోంది. చూసి చూసి కోడలి వైపు తిరిగింది.

"ఏమే, అంతటి తల్లే గుడి గడప దాటి ఎండలోకి వచ్చింది. నిన్ను లోపల కూర్చోబెట్టడానికి నేనెవర్తెనే?"

కోడలి చెయ్యి పట్టుకుని వీధిలోకి దించింది. పల్లకీ ఆగింది. శాంభవి ఎండలోనే మోకరిల్లింది. లేవడానికి అత్త సాయం పట్టాల్సి వచ్చిందిలే.

కోపమా? ఆ తల్లికెందుకురా కోపం!

ఒక్కరోజులో కాళ్ళు బాగుపడలేదు. రోజూ అరుగు మీద కాస్త ఎండ, వారానికో గోళీ, డాక్టరమ్మ చాలన్నదాకా. మెల్లగా పాదం లేచింది, మగ్గం ఆడింది. మరుసటేడు చౌడమ్మ తల్లి కొత్త చీర కట్టుకుని ఊరేగింది. పల్లకీకి ముందు, చెప్పుల్లేకుండా, ఊరు చివరిదాకా నడిచిందెవరనుకున్నావు? శాంభవే.

ఎండ పిలిచె, గొళ్ళెం తీయి,
గడప దాటి పాదం వేయి,
కథను కంచికి సాగనీయి,
నన్ను కాస్త తూగనీయి!