దస్తగిరి గడి

కొండలింకా పిల్లకొండలుగా ఉన్న రోజుల్లో, నల్లరేగడి సీమలో దస్తగిరి అనే దూదేకులవాడు ఉండేవాడు. అంతటి వీరుడు ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేడు. పులికి జంకడు, పాముకి జంకడు. వంకాయ ముచ్చిక మీది ముల్లుకి మాత్రం జంకేవాడు.

నవ్వకండి. అతని నెత్తురు అలాంటిది. గీరుకుంటే చాలు, కారుతూనే ఉండేది. పైకి కారకపోతే లోపల కారి, మోకాళ్ళు గుమ్మడికాయల్లా ఉబ్బేవి. అందుకే చిన్నప్పుడు వాళ్ళమ్మ నులకతాడుతో మంచంకోడుకి కట్టేసేది. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే గుమ్మంలోంచి చూసేవాడు. పెద్దయ్యేసరికి మోకాళ్ళు బిగుసుకుపోయాయి. కూర్చున్నచోటే విల్లు మీటి దూది ఏకేవాడు. టుంయ్, టుంయ్, టుంయ్.

అక్క నాగూరమ్మ కొడుకు సైదులుదీ అదే నెత్తురు. ఆమె కూడా అదే తాడు తీసింది.

చచ్చిపోయేముందు దస్తగిరి ఒక్కటే అడిగాడు, పిల్లాణ్ణి విప్పెయ్యమని. ఆమె సరేనంది. విప్పలేదు.

అతన్ని మట్టిచేసిన మర్నాటి మునిమాపున, గోడకున్న విల్లు దానంతటదే మోగింది. టుంయ్. నాగూరమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి చూస్తే తాడు ఊడి పడుంది. సైదులు వీధిలో ఆడుతున్నాడు. మోకాళ్ళకి దూది మెత్తలున్నాయి. ఎవరు కట్టారంటే "మామ" అన్నాడు.

ఆమె రెండు ముళ్ళు వేసింది. రెండో మునిమాపున విల్లు మోగింది. తాడు ఊడింది. ఈసారి మోచేతులకీ మెత్తలున్నాయి.

మూడు ముళ్ళు వేసి, మూడో మునిమాపున తాడుకొస పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. విల్లు మోగింది. పిడికిలి మీద చల్లగా, దూదంత మెత్తగా ఒక చెయ్యి ఆనింది.

నాగూరమ్మ వదల్లేదు. "వీడు పడితే నెత్తురాపేదెవర్రా, నువ్వా?"

"నేను కాస్తాలే అక్కా."

"బతికున్నప్పుడు వంకాయ కొయ్యలేనోడివి. ఇప్పుడు నువ్వు కాసేదేంది?"

ఇంట్లో దూదంతా గాలి లేకుండానే పైకి లేచి, అక్కడే ఆగిపోయింది. చివరికి సిగ్గుపడుతున్నట్టు చిన్నగా వినబడింది.

"కాపలాకని అబద్ధం చెప్పినానక్కా. నాకు ఒంటికాలి మీద గెంతాలనుంది."

నాగూరమ్మ పిడికిలి విప్పింది.

సైదులు పడలేదా అంటే, పడ్డాడు. నెత్తురు కారిన రోజులూ ఉన్నాయి. అయినా గడ్డం నెరిసేదాకా గెంతాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో అలాంటి పిల్లల్ని కట్టెయ్యరు. మెత్తలు కట్టి వదులుతారు. తొక్కుడుబిళ్లకి ఒక గడి ఎక్కువ గీస్తారు. మునిమాపున గాలి లేకుండా దూదిపింజ ఒకటి గెంతుకుంటూ వస్తే, "దస్తగిరి వంతు, జరగండి" అంటారు. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. పింజ గెంతుతుంది, గెంతుతుంది, గీత తొక్కుతుంది.

ఇన్నేళ్ళైనా ఆయనకి ఆట రాలేదు.