పొట్టేలు గుండెలో కనబడే దారి

డాక్టర్ అప్పలస్వామి గారి దగ్గర గుండె ఆపరేషన్లు నేర్చుకుంటున్న వాళ్లలో హిమజ చేతికి మంచి పేరుంది. ఆ పేరు ఆమె చెవిన కూడా పడింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

కొందరు పిల్లలకు గుండెలోని రెండు కింది గదుల మధ్య గోడకు పుట్టుకతోనే రంధ్రముంటుంది. దానికి అతుకు వేసి కుట్టాలి. ఆ కుట్టు చాలావరకు హిమజ చేతే వేయించేవారు సార్. రంధ్రం కింది అంచు దగ్గరికి రాగానే మాత్రం "ఇలా ఇవ్వమ్మా" అని సూది తాను తీసుకునేవారు. తీసుకుని వెంటనే కుట్టేవారా అంటే అదీ లేదు. చెయ్యి గాల్లోనే నిలిపి కాసేపు ఆగేవారు. పెద్దాయనకు చూపు ఆనడం లేదేమోనని హిమజ అనుమానం.

ఆ అంచు వెంటే ఒక దారి పోతుంది. గుండె పైభాగాన, కుడివైపు, పెద్ద రక్తనాళం వచ్చి కలిసేచోట చిన్న ముడిలాంటి కండ ఉంటుంది. కొట్టుకోమనే కబురు అక్కడ పుడుతుంది. అది పై గదులంతా పాకి, నడుమ ఇంకో ముడి దగ్గర రెప్పపాటు ఆగి, ఆ దారిన కింది గదులకు దిగుతుంది. సూది ఆ దారిని తెంపిందా, పైనున్న కబురు కిందికి అందదు. ఆ బిడ్డ బతికినన్నాళ్లూ ఒంట్లో పెట్టిన యంత్రం మీద ఆధారపడాల్సిందే.

సాలూరు వైపు నుంచి గౌరి అనే పాపను తెచ్చి చేర్పించారు. రంధ్రం పెద్దదే. వాళ్లమ్మ హిమజ చెయ్యి పట్టుకుని పాప ఎదమీద పెట్టింది.

"సెయ్యెడితే పిల్లి గురక లాగ తగుల్తాది డాక్టరమ్మా. ఈ గురక పోయి, గుండి మాత్రం దానికదే కొట్టుకోవాల. మిషన్లూ అయ్యీ ఒద్దమ్మా."

"దానికదే కొట్టుకుంటుంది. పూచీ నాది," అంది హిమజ.

ఆ మాట ఇచ్చి నేరుగా సార్ గదికి వెళ్లింది.

"గౌరికి కుట్టంతా నేనే వేస్తాను సార్."

"కింది అంచు కూడానా?"

"అదీ నేనే. ఆ దారి నాకు బాగా తెలుసు సార్. కళ్లారా చూశాను."

మర్నాడు పొద్దున్నే రుజువు తెచ్చి బల్లమీద పెట్టింది. మటన్ కొట్లో అడిగి తెచ్చుకున్న పొట్టేలు గుండె. సన్నటి సూదితో సిరా ఎక్కించి తెరిచింది. గోడ వెంట నల్లటి తీగ దిగి, రెండుగా చీలి, కొసల్లో చిన్న చిన్న పాయలైంది. సార్ కళ్లద్దాలు సర్దుకుని ముచ్చటగా చూశారు.

"చక్కగా తీశావమ్మా. రా నాతో."

కాలేజీ మ్యూజియంలో, మందునీళ్లలో ఉంచిన పసిబిడ్డ గుండె ఒకటి ఉంది. సార్ ఆ సీసా దించి, మూత తీసేముందు చేతులు జోడించారు. హిమజా జోడించింది.

"ఇందులో చూపించు."

భూతద్దం పెట్టింది. పట్టకారుతో పొర మీద పొర పక్కకు జరిపింది. తీగ లాంటిదేదీ కనబడలేదు. అంతా ఒకటే కండ, ఒకటే రంగు. మెడ నొప్పెట్టింది. మధ్యాహ్నమయ్యేసరికి, నిన్న గౌరి తల్లికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది.

"కనబడటం లేదు సార్."

"పొట్టేలుకు ఆ దారి మీద తొడుగుంటుంది. నీ సిరా పాకింది ఆ తొడుగులోనే. మనిషికి అంత తొడుగు లేదు."

"మరి మీకెలా కనబడుతుంది సార్?"

"నేనూ ఇంతవరకు చూడలేదమ్మా. చుట్టూ ఉన్న గుర్తుల్ని బట్టి ఎక్కడుందో లెక్క వేసుకుంటాను, అందుకే ఆగేది."

ఆయన సీసాకు మూత పెట్టి యథాస్థానంలో ఉంచారు. హిమజ తల ఎత్తలేకపోయింది.

"గౌరికి మీరే కుట్టండి సార్. నేను పక్కన నిలబడతాను."

"నిన్నయితే నేనే కుట్టేవాణ్ణి. ఇప్పుడు నువ్వే కుట్టాలి."

ఆపరేషన్ రోజున కుట్టు సాఫీగా సాగింది. కింది అంచు వచ్చింది. హిమజ చెయ్యి గాల్లో నిలిచిపోయింది. ఎదురుగా ఎర్రటి కండ తప్ప ఏమీ లేదు. "ఇలా ఇవ్వమ్మా" అనే మాట కోసం చెవులు రిక్కించింది. సార్ అనలేదు, తొందరపెట్టనూ లేదు.

రంధ్రం చుట్టూ ఉన్న గుర్తులన్నీ ఆమె మనసులో ఒక్కొక్కటే తడుముకుంది. అప్పుడు అంచు వదిలి, దూరంగా జరిగి, పైపైన మాత్రమే అందేలా సూది దింపింది. తర్వాతి కుట్టు దగ్గరా ఆగింది. ఆ పైదాని దగ్గరా ఆగింది.

అతుకు పూర్తయింది. ఆపి ఉంచిన గుండెకు మళ్లీ రక్తం వదిలారు. గుండె వణికింది. ఆగింది. మళ్లీ కదిలి, కొట్టుకోవడం మొదలుపెట్టింది.

హిమజ గుండె లయ చూపే తెర వైపు చూసింది. పై గదులది చిన్న అల, కొంచెం ఖాళీ, కింది గదులది పెద్ద అల. మళ్లీ చిన్న అల, అంతే ఖాళీ, పెద్ద అల. ఆమె మాస్కు తడిసిపోయింది.

సార్ వేలు చాచి అలల్ని కాదు, వాటి నడుమ ఖాళీని చూపించారు.

"ఇప్పుడు చూడమ్మా, ఆ దారి."