ఎర్నమ్మ పేర్చిన గుట్టలు

అనగనగా, ఉప్పు కొండెక్కాలంటే మనిషి నెత్తి తప్ప మరో బండి లేని కాలంలో, సముద్రం ఒడ్డున ఉప్పమ్ముకునే ఎర్నమ్మ ఉండేది. ఆమెకి ఒక్కతే కూతురు, పైడమ్మ. ఆ పిల్లని మూడు మలుపుల అవతల, కొండ మీది ఊరికిచ్చింది. ఇచ్చిందే గానీ, మనసు కింద నిలిస్తేగా?

ఏటా వానలు వెనకబట్టగానే గంపెడు ఉప్పుతో బయల్దేరేది. కింద ఇరుగుపొరుగు గంప ఎత్తేవాళ్ళు. పైన కూతురు రెండు చేతులా దించేది. దించి, గంప కింద పెట్టుకున్న గుడ్డ తలచుట్ట తీసి, చెమట పట్టిన తల నిమిరేది. ఆ నిమురుడు కోసమే ఎర్నమ్మ కొండెక్కేదని నేనంటాను. ఉప్పు ఒక వంక.

నిండు గంపని ఒక్కరే దించగలరు గానీ ఒక్కరే ఎత్తుకోలేరు. అందుకని మోసేవాళ్ళు మనిషి కనబడని చోట దించరు. కాళ్ళు లాగినప్పుడల్లా ఎర్నమ్మ, "దింపితే ఎత్తేదెవరు?" అనుకుని నడిచేది.

ఏళ్ళు గడిచాయి. ఒంట్లో కండ కరిగిపోతూ వచ్చింది. జబ్బకి బిగుసుకుని ఉండే దండకడియం ఒక ఏడు మోచేతికి జారింది. మరో ఏడు మణికట్టుకి జారింది. మూడో ఏడు ఊడి కిందే పడింది. ఎర్నమ్మ దాన్ని ఏరుకుని, గుడ్డపీలికతో జబ్బకే కట్టుకుంది.

పక్కింటావిడ చూసింది. "ఇంక మానీయే ఎర్నీ. సేతుల్లో సత్తువేదీ?"

"మా పిల్లతో అనకే. తెలిస్తే రావద్దంటాది."

"అదే దిగి రావచ్చు కదే?"

"సంకలో పిల్ల, సేలో పంట. అదెక్కడొస్తాదే?"

మరి దించకుండా ఎక్కేదెలా? మెడ ఎత్తున రాళ్ళగుట్ట ఉంటే గంపని దాని మీదికి జరపొచ్చు, మళ్ళీ నెత్తి మీదికి జరుపుకోవచ్చు. ఎవరూ ఎత్తక్కర్లేదు. అలా అనుకుని ఎండాకాలమంతా కొండెక్కింది. పెద్ద రాయి లేవదు కదా, చిన్న చిన్న రాళ్ళే ఏరి, మలుపుకో గుట్ట పేర్చింది. దారినపోయేవాళ్ళు ముసలిదానికి మతి పోయిందని నవ్వారు. కండ ఉన్నవాళ్ళకి ఏం తెలుస్తుంది?

అంతదూరం ఎక్కి కూతుర్ని చూడలేదా అంటారేమో. చూస్తే, కూతురు ఆ చేతులూ చూస్తుందిగా. మూడో మలుపు దగ్గరికి పైడమ్మ తన పిల్లని కేకేయడం వినిపించేది. ఎర్నమ్మ ఆ గొంతు విని దిగిపోయేది.

వానలు వెనకబట్టాయి. గంప నెత్తికెక్కింది. మొదటి గుట్ట మీద దించింది, ఊపిరి తీసుకుంది, ఎత్తుకుంది. రెండో గుట్ట మీద దించింది, ఊపిరి తీసుకుంది, ఎత్తుకుంది. మూడో గుట్ట మీద దించి, కాస్త కూచుంది. ఇక లేవలేకపోయింది. తొడల్లో సత్తువ లేదు. గంపకి గుట్ట కట్టుకుంది గానీ, తన ఒంటి సంగతి మరిచిపోయింది పిచ్చితల్లి.

"పైడీ, ఎత్తేదెవరే?" అని పిలిచింది.

"నానున్నానే అమ్మా," అంటూ పైడమ్మ పరుగున దిగొచ్చి గంపకేసి చేతులు చాపింది.

"గంప ఉండనీ. నన్నెత్తే."

పైడమ్మ ఎత్తింది. అమ్మ గంపెడు ఉప్పు పాటి బరువు కూడా లేదు. పీలిక జారి కడియం కింద పడింది.

"ఇలాగైపోతే నాకు సెప్పవేటే అమ్మా?"

"సెప్తే రానిస్తావేటి?"

పైడమ్మ తలచుట్ట తీసి తల నిమిరింది. ఆ చెయ్యి తగిలేదాకా ఎర్నమ్మ కళ్ళు తెరిచే ఉంది. తగిలాక మూసుకుంది, మళ్ళీ తెరవలేదు.

ఆ తరవాత ప్రతి ఉప్పుకాలం పైడమ్మ మూడో గుట్ట దగ్గర నిలబడేది. ఎవరొచ్చినా గంప ఎత్తి పంపేది. వాళ్ళు మలుపు తిరిగాక కూడా కింది దారికేసి చూస్తూ ఉండేది.

ఆ గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి. ఖాళీ చేతులతో ఎక్కేవాళ్ళు ఒక్కో రాయి పెడతారు. అక్కడ బరువు దించినవాళ్ళు "ఎత్తేదెవరు?" అని పిలుస్తారు. దారిలో ఎవరున్నా, ఎంత తొందరలో ఉన్నా, "నానున్నానే అమ్మా" అని రావాల్సిందే. పిలిచింది మగవాడైనా, ముక్కూ మొహం తెలియనివాడైనా సరే, అమ్మా అనే అంటారు.