కేక దిగమింగిన కొండముచ్చు

అనగనగా ఒక అడవిలో, ఆకాశాన్నంటే మద్దిచెట్టు మీద, నాంచారి అనే కొండముచ్చు తన గుంపుతో ఉండేది. చెట్టు కింద చుక్కమ్మ అనే దుప్పి మేసేది. నాంచారి చిగుళ్ళు తుంచి సగం తిని, సగం చుక్కమ్మకు పడేసేది. చుక్కమ్మ కూడా ఊరికే తినేది కాదు. దానికి వాసన పట్టే ముక్కుంది, నాంచారికి దూరం చూసే కళ్ళున్నాయి. ప్రమాదం ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు కేక పెట్టాలి. నాంచారి "ఖొక్! ఖొక్!" అందంటే చాలు, అడవి అంతా పరుగో పరుగు. ముందు పరుగెత్తాలి, ఎందుకని తర్వాత అడగాలి. తాతల నాటి కట్టుబాటు అది.

ఆ అడవికి రాజు లేడు పిల్లలూ. సాయంత్రమైతే అందరూ పెద్దబండ దగ్గర చేరి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవారు. నక్క ఒకటంటే కుందేలు ఇంకొకటి అనేది. ఒక్కటీ ఓ పట్టాన తేలేది కాదు. అయినా రోజులు బాగానే వెళ్ళిపోయేవి.

ఇంతలో ఏటి అవతలి అడవితో పోట్లాట వచ్చింది. మూడేళ్ళు కొట్టుకుని, చివరికి మనవాళ్ళే ఓడిపోయారు. మేతంతా ఉన్న ఏటిగట్టు చేజారిపోయింది. దానికి తోడు రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే పెద్దబండ మీద మాత్రం వాదనలే వాదనలు. వినీ వినీ అందరికీ విసుగెత్తిపోయింది.

అప్పుడు బండెక్కాడు గంభీరుడు. వాడొక రేచుకుక్క. రేచుకుక్కలంటే ఎర్రగా ఉండి, గుంపు కట్టి వేటాడే అడవికుక్కలు. పోట్లాటలో ముందుండి కొట్లాడింది అవే కాబట్టి, వాటిని చూసి భయపడటం అందరూ మానేశారు. అదీ వాళ్ళు చేసిన తప్పు.

"మనం ఓడిపోలేదు! మనల్ని ఓడించారు!" అని గంభీరుడు గొంతు చించుకున్నాడు. "ఎవరనుకున్నారు? మన కాళ్ళ కింద బొరియల్లో దాక్కుని, మన దుంపలు తవ్వుకు తింటున్న ఏదుపందులు!"

ఏదుపందులంటే ఒంటినిండా ముళ్ళుంటాయే, అవి. పాపం, ఎవరి జోలికీ వెళ్ళేవి కావు. కానీ కడుపు కాలుతున్నవాళ్ళకు తిట్టుకోవడానికి ఒకరు దొరికారు.

గంభీరుడు మొదట ఒకటే అడిగాడు. "వానలు పడేదాకా బండ మీద నేనొక్కణ్ణే మాట్లాడతాను. మీరు మీ పనులు చూసుకోండి." 'హమ్మయ్య, ఈ వాదనల గోల వదిలింది' అనుకున్నారంతా. నాంచారి కూడా అలాగే అనుకుంది.

తర్వాత ఇంకోటి అడిగాడు. "మనవాళ్ళెవరో తెలియాలి. అందరూ నుదుట ఎర్రమట్టి పూసుకోండి. మట్టి లేనివాళ్ళకు మడుగులో నీళ్ళు లేవు." అందరూ పూసుకున్నారు. ముసలి ఏదుపంది ఒకటి మద్దిచెట్టు కిందికి వచ్చి, "నాంచారమ్మా, ముళ్ళ మీద మట్టి నిలవట్లేదు. ఎంత పూసినా రాలిపోతోంది. పిల్లలు దాహంతో ఉన్నారు. నువ్వన్నా ఒక మాట చెప్పవూ?" అని బతిమాలింది. "చూద్దాంలే" అంది నాంచారి. ఏమీ చూడలేదు.

మూడోసారి గంభీరుడే చెట్టు కిందికి వచ్చాడు. "నాంచారమ్మా, నీ కేకంటే అడవికి గురి. రేపు పొద్దున మావాళ్ళు బొరియల దగ్గరికి వెళ్తారు. ఊరికే, మాట్లాడి రావడానికి. నువ్వు మాత్రం అరవకు. బండ పక్క మేడిచెట్లన్నీ ఇకనుంచి మీ గుంపువే" అన్నాడు. నాంచారి చంకలోని పిల్లను చూసుకుంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. అది తల ఊపింది.

తెల్లవారింది. రేచుకుక్కలు మూడు వైపుల నుంచీ బొరియల మీదికి పాకడం నాంచారికి కనిపించింది. కేక గొంతు దాకా వచ్చింది. అది రెండు చేతులతో నోరు మూసుకుంది. కాసేపటికి కింద చుక్కమ్మ ముక్కు పైకెత్తి, "అక్కా, నెత్తురు వాసనొస్తోంది. ఏమన్నా కనిపిస్తోందా?" అని అడిగింది.

"ఏం లేదు చుక్కమ్మా. నువ్వు మేసుకో" అంది నాంచారి. చుక్కమ్మ నమ్మింది. నాంచారి మాట అది ఎన్నడూ కాదనలేదు మరి.

వానలు పడ్డాయి. గంభీరుడు బండ దిగలేదు. ఎందుకు దిగలేదని అడిగిన నక్క మర్నాటికి కనిపించలేదు. రేచుకుక్కలు తప్ప ఇంకెవరూ కేక పెట్టకూడదన్నారు. ఎవరు ఎవరితో ఏమన్నారో చెప్పిన నెమళ్ళకు గింజలు దొరికాయి. నాంచారి చూస్తూనే ఉంది, మింగుతూనే ఉంది. మొదటిసారి చేతులతో మూసుకున్న నోరు తర్వాత్తర్వాత దానంతటదే మూసుకోవడం నేర్చుకుంది. అది తలచుకుంటేనే బాధేస్తుంది.

రెండేళ్ళయింది. చుక్కమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు.

ఒక మధ్యాహ్నం రేచుకుక్కలు మద్దిచెట్టు వైపే వచ్చాయి. అడవిలో ఏదుపందులు ఎప్పుడో అయిపోయాయి. గంభీరుడి గుంపుకు మాత్రం ఆకలి తీరలేదు. నాంచారి ఇక ఆగలేకపోయింది. "ఖొక్! ఖొక్! ఖొక్!" అని గుండె పగిలేలా కేక పెట్టింది.

దుప్పి పిల్లలు పరుగెత్తలేదు. పుట్టాక ఆ కేక అవి వింటేగా! "అమ్మా, పెద్దమ్మ ఎందుకలా అరుస్తోంది?" అని తలెత్తి చూశాయి.

చుక్కమ్మకు కేక తెలుసు. కానీ అదీ పరుగెత్తలేదు. నాంచారికి ఏమవుతుందోనని దాని ప్రాణం విలవిల్లాడింది. "అరవకక్కా! వాళ్ళు వింటే నిన్ను చంపేస్తారు!" అని కింది నుంచి బతిమాలింది.

తప్పించుకోవడానికి ఆ కాస్త సమయమే ఉండింది. అది కాస్తా అయిపోయింది.

అంతా ముగిశాక గంభీరుడు మూతి నాక్కుంటూ పైకి చూశాడు. "ఎవరది, అరిచింది?" అన్నాడు.

కొమ్మల మీది కొండముచ్చులు, కన్నపిల్లతో సహా, అందరూ నాంచారి వైపు చెయ్యి చూపించారు.

నీతి: పక్కవాళ్ళ కోసం పెట్టాల్సిన కేకను భయంతోనో ఆశతోనో దిగమింగితే, మనవాళ్ళ కోసం పెట్టే రోజున దాన్ని విని కదిలేవాళ్ళు ఉండరు.